కొంచెం లెక్క.. కొంచెం లొల్లి!

రెజ్యూమెలో 'హాబీ: పాటలు వినడం' అని రాశారా? అయితే ఈసారి ప్రయాణంలో ఈ ఆల్బమ్‌లు పెట్టుకోండి

రెజ్యూమె చివర్లో ఓ గడి ఉంటుంది. హాబీస్. అక్కడ మనలో చాలామంది రాసేది ఒకటే.. 'లిజనింగ్ టు మ్యూజిక్'. ఫ్రెండ్ రెజ్యూమెలో ఉంటుంది, కాపీ కొడతాం, మనదాంట్లోకీ వచ్చేస్తుంది. ఇంటర్వ్యూ సాఫీగా సాగుతుంటే హెచ్‌ఆర్ నవ్వుతూ అడుగుతారు: 'ఏం మ్యూజిక్ వింటారు? ఈమధ్య విన్న ఆల్బమ్ గురించి రెండు మాటలు చెప్పండి'. అంతే, గొంతు తడారిపోతుంది. 'అన్నీ వింటాను సార్' అనేస్తాం. అన్నీ వింటానంటే ఏదీ సరిగ్గా వినలేదని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది.

మనం అబద్ధం చెప్పామా? లేదు. పాటలు పొద్దంతా నడుస్తూనే ఉంటాయి. చదువుతుంటే నిద్ర రావద్దని ఒకసారి, బస్సులో పక్కాయన ఫోన్ మాటలు వినపడొద్దని ఇంకోసారి. పాట దానిపాటికి అది పోతుంటుంది, మన ఆలోచన మనది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, కటాఫ్ ఎంతుంటుందో.. అదే గోల.

సగం సగం వింటే అస్సలు ఒంటబట్టని సంగీతం రెండు రకాలుంది. ఒకటి మ్యాథ్ రాక్. రెండోది గోలగోలగా ఉండే పోస్ట్ పంక్. మన భాషలో చెప్పాలంటే ఒకటి లెక్క, ఇంకోటి లొల్లి. రెండూ సినిమా పాటల్లా ఊరూవాడా మోగవు. చిన్న చిన్న కంపెనీల నుంచి వస్తాయి, వెతుక్కున్నవాళ్లకే దొరుకుతాయి.

ముందే ఒక మాట. వీటివల్ల ర్యాంకు పెరగదు. జ్ఞాపకశక్తి పెరుగుతుందని చెప్పి మిమ్మల్ని మోసం చేయడం లేదు. కానీ నలభై నిమిషాలు ఒక్క విషయం మీదే చెవి పెట్టి కూర్చోవడం అలవాటవుతుంది. ఇంకోటి, ఈ పాటలు కట్టినవాళ్లలో చాలామంది మీ వయసువాళ్లే. చేతిలో చిన్న ఉద్యోగమో, ఏ ఉద్యోగమూ లేకపోవడమో ఉన్న రోజుల్లోనే కట్టారు.

ఏడు లెక్కపెట్టడం మనకు కొత్తేం కాదు

మనం రోజూ వినే సినిమా పాటల్లో చాలావాటికి దరువు నాలుగు దెబ్బలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.. మళ్లీ ఒకటి. మ్యాథ్ రాక్‌లో ఈ లెక్క అయిదు కావచ్చు, ఏడు కావచ్చు, పదకొండూ కావచ్చు. పాట మధ్యలోనే మారిపోనూ వచ్చు. గిటార్ ఒక లెక్కలో, డ్రమ్స్ ఇంకో లెక్కలో పోయి ఓ చోట టక్కున కలుస్తాయి. అందుకే ఆ పేరు.

భయపడకండి. మీకు తెలిసిన ట్యూన్‌తోనే మొదలుపెడదాం. 'మిషన్ ఇంపాసిబుల్' థీమ్ గుర్తుందా? లాలో షిఫ్రిన్ 1966లో టీవీ సీరియల్ కోసం కట్టిన బాణీ అది. మోకాలి మీద వేలితో కొడుతూ ఇలా అనండి: 'తకిట తకిట తక తక'. మూడు, మూడు, రెండు, రెండు. మొత్తం పది. రీజనింగ్ పేపర్‌లో నంబర్ సిరీస్ చేసినట్టే ఉంది కదా! ఇన్నేళ్లుగా ఆ ట్యూన్ వింటున్నాం, లెక్క నాలుగు కాదని ఎవరం పట్టించుకోలేదు.

ఇక ఏడు. ఇది మన తెలుగు పుస్తకంలోనే ఉంది. గురజాడ ముత్యాలసరం నడక ఏమిటి? మూడు మాత్రలు, నాలుగు మాత్రలు. 'తకిట తకధిమి'. ఆయన దేశభక్తి గేయం నడిచేదీ ఈ నడకలోనే. బడిలో ప్రార్థన లైన్లో నిలబడి ఆ గేయం పాడినవాళ్లందరూ ఏడు లెక్కలో పాడినవాళ్లే. కర్ణాటక సంగీతంలో దీన్నే మిశ్రచాపు అంటారు, అయిదు లెక్క ఖండచాపు. ఇప్పుడు పింక్ ఫ్లాయిడ్ 1973లో చేసిన 'మనీ' పాట పెట్టుకుని ఏడు లెక్కపెట్టండి. పడుతుంది. మధ్యలో గిటార్ సోలో దగ్గర లెక్క నాలుగుకు మారుతుంది. అది మీరే పట్టుకుంటే ఇక మ్యాథ్ రాక్‌కు మీరు రెడీ.

ఆల్బమ్ అంటే ఉజ్జాయింపుగా నలభై నిమిషాలు. కోచింగ్‌కో, ఇంటర్వ్యూకో పొయ్యే దారిలో అంత టైం ఎలాగూ దొరుకుతుంది. అందుకే మూడు ఊర్ల నుంచి బయల్దేరే మూడు దారులకు మూడు రకాలు పంచాం.

జనగామ నుంచి సికింద్రాబాద్: కథ చెప్పే లెక్క

రైల్లో గంటన్నర అటూ ఇటూ. రెండు ఆల్బమ్‌లు పడతాయి.

జనగామ వాళ్లకు దరువు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2017లో కన్నుమూసిన ఒగ్గుకథ కళాకారుడు చుక్క సత్తయ్య ఈ జిల్లా మాణిక్యాపురం మనిషే. ఒగ్గుకథ విన్నవాళ్లకు తెలుసు.. కథకుడు మాటలోంచి పాటలోకి, పాటలోంచి మాటలోకి దాటుతుంటాడు. కథ మలుపు తిరిగితే డోలు నడకా మారుతుంది.

ఇదే పద్ధతి అమెరికాలోని లూయీవిల్ కుర్రాళ్ల చేతిలో ఎలా ఉంటుందో వినాలంటే స్లింట్ బ్యాండ్ 'స్పైడర్‌ల్యాండ్' పెట్టండి. 1991లో వచ్చింది. ఆరే పాటలు. రికార్డు చేసినప్పుడు వాళ్ల వయసు ఇరవై అటూ ఇటూ. గొంతెత్తి పాడటం తక్కువ, కథ చెప్పినట్టు మాట్లాడటమే ఎక్కువ. మొదటి పాటలో జాతరలో జోస్యం చెప్పే అమ్మాయి, చివరి పాటలో ఓడ మునిగాక తలుపు దగ్గర నిలబడ్డ కెప్టెన్. గుసగుసగా మొదలై గుండె అదిరేలా ముగుస్తుంది. ఆల్బమ్ బయటికొచ్చేసరికే బ్యాండ్ విడిపోయింది. అప్పట్లో కొన్నవాళ్లూ తక్కువే. తర్వాతి రోజుల్లో మాత్రం మ్యాథ్ రాక్ ఎక్కడ మొదలైందంటే అందరూ చూపించేది దీన్నే. అట్ట మీద క్వారీ గుంత నీళ్లలో మెడ దాకా మునిగి నవ్వుతున్న నలుగురు కుర్రాళ్ల ఫొటో ఉంటుంది. చూస్తే మన ఊరి పోరగాళ్లే అనిపిస్తారు.

రెండోది ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ బ్యాండ్ టీటీఎన్‌జీ చేసిన 'యానిమల్స్' (2008). ప్రతి పాటకూ ఒక జంతువు పేరు. గిటార్ తీగల్ని బాదరు, ఒక్కో తీగను వేళ్లతో మీటుతూ పోతారు. లెక్క కష్టంగా ఉన్నా వినడానికి హాయిగా ఉంటుంది. కొత్తవాళ్లు ముందు దీంతో మొదలుపెట్టి, తర్వాత స్పైడర్‌ల్యాండ్‌కు పోయినా మంచిదే.

మహబూబాబాద్ నుంచి వరంగల్: మన ఆసియా లెక్క

ఎక్స్‌ప్రెస్ దొరికితే గంట లోపే. ఒక ఆల్బమ్ నిండుగా వినొచ్చు.

ఈ సంగీతం అంతా తెల్లవాళ్లదే అనుకోవద్దు. ఈరోజు మ్యాథ్ రాక్ బాగా బతుకుతున్నది జపాన్, తైవాన్‌లలో. తైవాన్ రేవు పట్టణం కావోష్యుంగ్‌లో 2012లో ఓ అన్నాచెల్లెలు, వాళ్ల దోస్తు కలిసి ఎలిఫెంట్ జిమ్ బ్యాండ్ పెట్టారు. మామూలుగా బ్యాండ్‌లో బేస్ గిటార్ వెనక ఉంటుంది. వీళ్లకు అదే ముందు నడుస్తుంది, వాయించేది చెల్లెలు. 'డ్రీమ్స్' (2022), 'వరల్డ్' (2023) రెండూ వినదగ్గవే. ఇయర్‌ఫోన్స్‌లో కింది స్థాయి శబ్దాన్ని వెంబడించండి, బాణీ అక్కడే ఉంటుంది.

జపాన్ నుంచి టో. 2000లో మొదలైన ఈ బ్యాండ్‌లో వాళ్లు వేరే పనులు చేసుకుంటూనే పాతికేళ్లుగా వాయిస్తున్నారు. గిటారిస్టుల్లో ఒకరు ఇంటీరియర్ డిజైనర్. అందుకే ఆల్బమ్‌కూ ఆల్బమ్‌కూ మధ్య ఏళ్లు గడుస్తాయి. 2015 తర్వాత పూర్తి ఆల్బమ్ 2024లోనే వచ్చింది. దాని పేరు 'నౌ ఐ సీ ద లైట్'. ఉద్యోగం వస్తే ఇష్టమైనవన్నీ వదులుకోవాలేమో అని భయపడేవాళ్లు వీళ్ల సంగతి గుర్తుపెట్టుకోండి. వీళ్ల డ్రమ్స్ మీదే చెవి పెట్టండి. మిగతావాళ్లు నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా డ్రమ్మర్ పరుగెత్తుతూనే ఉంటాడు.

క్యోటో అమ్మాయిలు మొదలుపెట్టిన ట్రైకాట్ 2013లో 'ద' అనే ఆల్బమ్ చేసింది. నోటికి పట్టే పాటే అనిపిస్తుంది, చప్పట్లు కొట్టబోతే మాత్రం చెయ్యి తప్పుతుంది. ఆ తప్పడంలోనే మజా. మనదేశంలో ఈ దారికి దగ్గరగా ఉన్నది కావాలంటే అహ్మదాబాద్‌లో మొదలైన యాజ్‌వీకీప్‌సెర్చింగ్ బ్యాండ్ 'జియా' (2017) వినండి. అది పోస్ట్ రాక్, లెక్క అంత గట్టిది కాదు. మధ్యమధ్యలో హిందీ గొంతు వినిపిస్తుంది.

భూపాలపల్లి నుంచి హన్మకొండ: లొల్లి

రైలు లేదు, బస్సే దిక్కు. రెండు గంటలకు దగ్గర. పైగా ఇంజిన్ మోత. ఈ దారికి నెమ్మది సంగీతం పనిచేయదు, లొల్లే కావాలి.

భూపాలపల్లి వాళ్లకు ఓపెన్‌కాస్టు గనుల పక్కన లేచే మట్టి గుట్టలు చూపించనక్కర్లేదు. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో పిచర్ అనే ఊరుండేది. సీసం, జింకు తవ్వగా మిగిలిన వ్యర్థాన్ని ఊరి చుట్టూ గుట్టలుగా పోశారు. వాటిని అక్కడ 'చాట్ పైల్స్' అంటారు. సీసం విషం మట్టిలో, నీళ్లలో కలిసింది. చివరికి ప్రభుత్వం ఇళ్లు కొని జనాన్ని ఖాళీ చేయించింది. 2009లో ఆ ఊరు పాలన రికార్డుల్లోంచే పోయింది. అదే రాష్ట్రంలోని ఓక్లహోమా సిటీ కుర్రాళ్లు తమ బ్యాండ్‌కు చాట్ పైల్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల 'గాడ్స్ కంట్రీ' 2022లో వచ్చింది. అందులో 'వై' అనే పాట మొత్తం ఒక్క ప్రశ్నే: ఇళ్లు ఇన్ని ఉండగా కొందరు రోడ్ల మీద ఎందుకు పడుకోవాలి? పాడటం కాదది, అడగటం. అడిగీ అడిగీ అరవటం. 2024లో 'కూల్ వరల్డ్' చేశారు. మాటలు ఘాటుగా ఉంటాయి, ఇంట్లో స్పీకర్ పెట్టి వినేవి కావు.

డబ్లిన్ బ్యాండ్ గిల్లా బ్యాండ్ 'మోస్ట్ నార్మల్' (2022) ఇంకో రకం. అందులో గిటార్ గిటార్‌లా వినపడదు. వెల్డింగ్ షాపు, మిక్సీ, సిగ్నల్ పోయిన రేడియో.. అన్నీ కలిసినట్టుంటుంది. మొదటిసారి 'గీ లొల్లి ఏందిరా' అని తీసేస్తారు. మూడోసారి వింటే లొల్లి లోపల ఓ దరువు పద్ధతిగా నడుస్తున్నది తెలుస్తుంది.

లెక్క, లొల్లి రెండూ ఒక్కచోటే కావాలా? లండన్ బ్యాండ్ బ్లాక్ మిడి 'ష్లాగన్‌హైమ్' (2019) వినండి. స్క్విడ్ 'బ్రైట్ గ్రీన్ ఫీల్డ్' (2021)లో డ్రమ్స్ కొట్టే మనిషే పాడతాడు. రెండు పనులూ ఒకేసారి ఎలా చేస్తున్నాడో అని ఆశ్చర్యంగా ఉంటుంది. అది నచ్చితే 2025లో వచ్చిన వాళ్ల 'కవర్డ్స్'కు పోండి. టైం తక్కువుందా? న్యూయార్క్ బ్యాండ్ యావే నెయిల్‌గన్ 2025లో తెచ్చిన '45 పౌండ్స్' పాతిక నిమిషాల్లోపే అయిపోతుంది. మాక్ టెస్టుకూ మాక్ టెస్టుకూ మధ్య బ్రేక్‌లో పట్టేస్తుంది.

ఇంగ్లిష్ వినికిడి కూడా మెరుగుపడాలనుకుంటే డ్రై క్లీనింగ్ 'న్యూ లాంగ్ లెగ్' (2021) బాగుంటుంది. ఫ్లోరెన్స్ షా అందులో పాడదు, మామూలుగా మాట్లాడుతుంది. ఎక్కడో చెవిన పడ్డ మాటలు, ప్రకటనల్లోని ముక్కలు ఏరుకుని అతికిస్తుంది. బ్యాండ్‌లోకి రాకముందు ఆమె గాయని కాదు, ఆర్ట్ పాఠాలు చెప్పే లెక్చరర్.

కౌంటర్‌కు అవతలి మనిషి

ఈ పోస్ట్ పంక్ ఎక్కడిది? 1970ల చివర్లో ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీలు మూతపడుతున్న కాలంలో పుట్టింది. 1982 జనవరికల్లా బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. మాంచెస్టర్ ప్రాంతంలోని జాయ్ డివిజన్ బ్యాండ్ 1979లో 'అన్‌నోన్ ప్లెజర్స్' చేసింది. నల్ల అట్ట మీద తెల్లటి గీతల కొండలు. ఆ బొమ్మ టీషర్టు మీరు వేసుకునే ఉంటారు, అది ఆల్బమ్ అట్ట అని తెలియకపోయినా.

ఆ బ్యాండ్ గాయకుడు ఇయాన్ కర్టిస్ ఉద్యోగం ఎక్కడో తెలుసా? ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో. మనం పేరు నమోదు చేసుకోవడానికి క్యూ కట్టే ఆఫీసు లాంటిదే. కౌంటర్‌కు అవతలి కుర్చీ ఆయనది. వైకల్యం ఉన్నవాళ్లకు పని వెతికిపెట్టడం ఆయన డ్యూటీ. ఉద్యోగం కోసం వచ్చే ఓ అమ్మాయికి మూర్ఛ ఉండేది. ఆమెను తలుచుకుని రాసిందే 'షీజ్ లాస్ట్ కంట్రోల్'. పొద్దున ఆఫీసులో చూసిన బాధ రాత్రి పాటైంది. ఫైలులో ఒక నంబరుగా మిగలాల్సిన మనిషి పాటలో మనిషిగానే మిగిలింది.

తర్వాత ఆయనకూ మూర్ఛ వచ్చింది, దిగులూ తోడైంది. 23 ఏళ్లకే ప్రాణం తీసుకున్నాడు. ఈ సంగతి దాచకుండా చెబుతున్నది ఎందుకంటే, ఈ ఆల్బమ్ చీకటిగా ఉంటుంది. రిజల్ట్ పోయిన రాత్రి ఒంటరిగా వినేది కాదు. ఆ రాత్రి పాట కన్నా మనిషి ముఖ్యం. దోస్తుకు ఫోన్ చేయండి. ఎవరితోనూ చెప్పుకోలేకపోతే టెలీ మానస్ 14416 నంబరుకు చేయండి. ఫ్రీ, రాత్రైనా ఎత్తుతారు.

ప్లంబర్ లాగే కూలి

ఉద్యోగాల పేజీ కాబట్టి జీతం సంగతి కూడా మాట్లాడుకుందాం. ఈ లొల్లి సంగీతంలో పెద్దపేరు స్టీవ్ అల్బీని. చదివింది జర్నలిజం, చేసింది సౌండ్ రికార్డింగ్. స్లింట్ మొదటి ఆల్బమ్ రికార్డు చేసింది ఆయనే. మ్యాథ్ రాక్‌లో ఇంకో పెద్ద బ్యాండ్ డాన్ కబయేరో చేసిన 'అమెరికన్ డాన్' (2000) రికార్డు చేసిందీ ఆయనే. నిర్వాణా 'ఇన్ యుటెరో' (1993) రికార్డు చేయడానికి పిలిచినప్పుడు, అమ్మకాల్లో వాటా ఆయన వద్దన్నారు. ప్లంబర్‌కు ఇచ్చినట్టు చేసిన పనికి కూలి ఇవ్వండి చాలు, పాట మీది, దానిమీద వచ్చేదీ మీదే అని ఉత్తరం రాశారు. లక్షల కాపీలు అమ్ముడవుతాయని తెలిసీ రాసిన ఉత్తరమది. 2024 మేలో చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్నారు. పేరున్న బ్యాండ్‌కూ, ఎవరికీ తెలియని కుర్రాళ్లకూ అదే శ్రద్ధతో మైకులు పెట్టారు.

మొదటి ఉద్యోగంలో ఎంత అడగాలి, ఎంత వద్దనాలి అనేది ఎవరి లెక్క వాళ్లది. కానీ నా పని ఇది, దీని విలువ ఇంత, అంతకుమించి నాది కాదు అని స్పష్టంగా చెప్పగలగడం ఎక్కడైనా గౌరవమే. శబ్దం మీద ఇంతకన్నా ఆసక్తి పెరిగితే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో డిగ్రీ అయినవాళ్లకు సౌండ్ కోర్సు ఉంది, ఓసారి చూడండి. మన దరువుల మీదే ఆసక్తి ఉంటే తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది.

వినేముందు

* వారానికి ఒకటే ఆల్బమ్. మొదటి పాట నుంచి చివరిదాకా, వరుస మార్చకుండా. షఫుల్ వద్దు.
* రూమ్‌లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి. దారిలో సిగ్నల్ పోతే మూడ్ కూడా పోతుంది.
* డబ్బులు పెట్టనక్కర్లేదు. యూట్యూబ్‌లో చాలావరకు దొరుకుతాయి. బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో కూడా కొనకముందే వినొచ్చు. జీతం వచ్చాక నచ్చినవాళ్లది ఒకటి కొనండి.
* లెక్క అంతుపట్టకపోతే చూడండి. సియాటెల్ రేడియో కేఈఎక్స్‌పీ, షికాగో వాళ్ల ఆడియోట్రీ యూట్యూబ్‌లో లైవ్ వీడియోలు పెడతాయి. డ్రమ్మర్ చేతులు చూస్తే లెక్క దానంతటదే తెలుస్తుంది.
* వాల్యూమ్ 60 శాతం దాటొద్దు. లొల్లి పాటలో ఉండాలి, చెవిలో కాదు.
* విన్నాక మూడు వాక్యాలు రాయండి. ఏం వినిపించింది, ఎక్కడ ఆశ్చర్యపోయారు, ఎవరు చేశారు. తెలుగులోనైనా సరే.

ఆ మూడు వాక్యాలే రేపు ఇంటర్వ్యూలో మీకు జవాబు. 'ఏం వింటారు?' అని అడిగితే ఇలా చెప్పొచ్చు: 'సార్, ఎలిఫెంట్ జిమ్ అని తైవాన్ బ్యాండ్ విన్నాను. వాళ్లు ముగ్గురే. అందులో బేస్ గిటార్ ముందు నడుస్తుంది. ఒక పాటలో లెక్క ఎక్కడ మారుతుందో దొరక్క మహబూబాబాద్ నుంచి వరంగల్ దాకా నాలుగుసార్లు విన్నాను. వరంగల్ దగ్గర దొరికింది.' దీనికి హెచ్‌ఆర్ ఉద్యోగం ఇచ్చేస్తారని కాదు. కానీ ఎదురుగా కూర్చున్నది కాపీ కొట్టిన రెజ్యూమె కాదని, ఒక మనిషి అని వాళ్లకు తెలుస్తుంది.

రేపు పొద్దున బండి ఎక్కగానే మోకాలి మీద వేలు పెట్టండి. తకిట తకధిమి. పక్కసీటాయన వింతగా చూస్తే ఇయర్‌ఫోన్ ఒకటి తీసి ఇవ్వండి. 'అన్నా, ఏడు లెక్కపెట్టు' అని చెప్పండి చాలు.